పొగ ఎవరి పాపం?

ఈ వారం పద్యం గురించీ వ్యాకరణం గురించీ కాక, ఒక పెట్టెను గురించి వ్రాస్తున్నాను. తెలుగు ఎమ్మే చదివి, ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో ప్రబంధాలు చెప్పుకుంటున్నవాడికి కంప్యూటరు మరమ్మతు ఎందుకయ్యా అని పాఠకులు అడగవచ్చు. మా ఆవిడ ఆ ప్రశ్న ముందే అడిగింది. ఆవిడకు నోటితో చెప్పలేని జవాబు మీకు వ్రాసి చెబుతున్నాను. పత్రికలో పడితే ఆవిడ ఎలాగూ చదువుతుంది.

1992లో నేను ఎనిమిదో తరగతి. మాది సముద్రపు గాలి తగిలే చిన్న పట్నం. మా హైస్కూల్లో స్టాఫురూము ప్రక్కన తాళం వేసిన చిన్న గది ఒకటి వుండేది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి, గుళ్ళోకి వెళ్ళినట్టు. లోపల బల్లమీద, పసుపుపచ్చని గుడ్డ కప్పుకుని, బీబీసీ మైక్రో అనే కంప్యూటరు వుండేది.

బీబీసీ అంటే ఆ రేడియో బీబీసీయే. ఇంగ్లండులో జనానికి కంప్యూటరు విద్య నేర్పాలని ఆ సంస్థ ఒక కార్యక్రమం తలపెట్టి, కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అనే కంపెనీచేత చేయించిన యంత్రమిది. 1981 చివరలో బజారుకు వచ్చింది. మన ప్రభుత్వం పాఠశాలల్లో కంప్యూటరును పరిచయం చెయ్యాలని 1984లో ‘క్లాస్’ అనే పథకం పెట్టినప్పుడు ఈ యంత్రాన్నే ఎంచుకుంది. అలా మా వూరికి వచ్చిందన్నమాట. మీటలూ మెదడూ ఒకే పెట్టెలో వుంటాయి. తెర మాత్రం వేరు. దాని జ్ఞాపకశక్తి ముప్ఫైరెండు కిలోబైట్లు. ఈనాటి పద్ధతిలో తెలుగక్షరానికి మూడేసి బైట్లు కావాలి గనక, మీరు చదువుతున్న ఈ వ్యాసం మొత్తం దాని బుర్రలో పట్టదు.

దానికి అధిపతి మా లెక్కల మాస్టారు. “దానికి అంతులేని పని చెప్పకండిరా, పాపం!” అనేవారు. అంతులేని పని ఎలా చెప్పాలో కూడా పాఠంలో ఆయనే చెప్పారు. పదమూడేళ్ళవాడికి అంతకంటే ఏం కావాలి? నా వంతు వచ్చిన రోజున, మాస్టారు అటు తిరగగానే, రెండు పంక్తులు కొట్టాను. పదో పంక్తిలో నా పేరు తెరమీద వెయ్యమనీ, ఇరవయ్యో పంక్తిలో మళ్ళీ పదికే పొమ్మనీ. నా పేరు జలజలా రాలడం మొదలుపెట్టింది. తెరంతా నేనే. అంతటి కీర్తి నాకు మళ్ళీ జీవితంలో రాలేదు.

అర నిమిషం గడిచిందో లేదో, టప్పున ఒక చప్పుడు. పెట్టెలోనించి తెల్లటి పొగ. కాలిన కాగితమూ మాడిన చేపనూనే కలిసినట్టు ఒక వాసన. మాస్టారు పరుగున వచ్చి ప్లగ్గు లాగేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేది.

ఆ గదికి తాళం పడింది. పై ఆఫీసుకు కాగితం వెళ్ళింది, జవాబు రాలేదు. మాస్టారిని సంజాయిషీ అడిగారని పిల్లలం చెప్పుకున్నాం. నేను పదోతరగతి ప్యాసయి వెళ్ళిపోయేదాకా ఆ తాళం తియ్యలేదు. నా తరవాత చదివిన పిల్లలు ఆ పెట్టెను చూడనేలేదు. ఇదంతా నా పేరు నేను చూసుకోవాలన్న సరదావల్ల జరిగిందని నాకు తెలుసు. మాస్టారికి ఆ రెండు పంక్తుల సంగతి చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది.

ఆ మధ్య ఆ స్కూలువారు పాత సామాను వేలం వేశారు. విరిగిన బల్లలూ తుప్పుపట్టిన బీరువాలూ వాటి మధ్య ఆ పెట్టే! ఆరువందలకు పాడుకుని ఆటోలో ఇంటికి తెచ్చాను.

“ఏమండీ, ఇంట్లో వున్న చెత్త చాలదా?” అంది మా ఆవిడ.

“బాకీ వుంది,” అన్నాను. ఆవిడ ఆటోవాడి బాకీ అనుకుని డబ్బులు తెచ్చింది.

మా వీధి చివర ఒక రేడియో మెకానిక్కుగారున్నారు. డెబ్బై దాటిన మనిషి. వాల్వు రేడియోల దగ్గరనించి రంగుల టీవీల వరకు అన్నిటికీ ప్రాణం పోసి, ఇప్పుడు బాగుచేయించుకునేవాళ్ళు లేక ఖాళీగా కూర్చున్నారు. నేను ఆయన్ను బాబాయిగారూ అంటాను, ఆయన నన్ను లెక్చరరుగారూ అంటారు. పెట్టె బల్లమీద పెట్టి, “ఒకసారి ప్లగ్గు పెట్టి చూద్దామా, బాబాయిగారూ?” అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. “ముప్ఫైయేళ్ళు పడుకున్నదాన్ని కొట్టి లేపుతారా, లెక్చరరుగారూ? ముందు కన్ను, తరవాత ముక్కు, ఆ తరవాత మీటరు. స్విచ్చి అన్నిటికీ ఆఖర్న.”

పాత యంత్రం పట్ల జనం చేసే మొదటి తప్పు ఇదేనట. అటకమీదనించి దింపి, పనిచేస్తుందేమో చూద్దామని కరెంటు ఇవ్వడం. బతికున్నది కాస్తా ఆ క్షణంలో చస్తుంది. రెండో తప్పు, కరెంటు తీసేశాం గదా అని విద్యుత్తు వచ్చే డబ్బాలో వేళ్ళు పెట్టడం. మన గోడలో వుండేది 230 వోల్టులు. ఆ డబ్బాలో దాన్ని ఏకముఖంగా మార్చి పెద్ద కండెన్సరులో నింపితే సుమారు 320 వోల్టులవుతుంది. ప్లగ్గు పీకిన తరవాత కూడా అది కొంతసేపు అందులో పొంచి వుంటుంది. పాఠకులు ఈ వ్యాసం చదివి ఆ డబ్బా విప్పకండి. తెలిసినవారి ప్రక్కన కూర్చుని చూడండి, నేను చేసినట్టు.

డబ్బా విప్పారు. ముప్ఫైయేళ్ళనాటి వాసన గుప్పుమంది. నేను వెనక్కి తగ్గాను. బాబాయిగారు మాత్రం పువ్వు వాసన చూసినట్టు చూశారు.

“అదుగో,” అన్నారు. కరెంటు వచ్చే త్రోవ మొదట్లోనే, తేనెరంగు పెంకుతో, చింతగింజకు రెండింతలున్న కండెన్సరు ఒకటి. పెంకు నిలువునా పగిలి, లోపల నల్లగా మాడివుంది. దాని ప్రక్కన చిన్నది ఇంకొకటి, పగలలేదు గాని వంటినిండా సన్నని నెరియలు.

“ఇది ఏం చేస్తుంది?”

“యంత్రానికి ఏమీ చెయ్యదు. యంత్రంలో పుట్టే గోల కరెంటు తీగల్లోకి పోయి ప్రక్కింటివాళ్ళ రేడియో గరగరలాడకుండా కాపలా కాస్తుంది. లోపల వుండేది లోహపు పూత పూసిన కాగితం. పెంకు నెర్రెలు విచ్చితే తేమ పడుతుంది. మన వూరి గాలి సంగతి మీకు తెలియనిదేముంది? తేమ పట్టిన కాగితం ఏదో ఒక రోజు కరెంటుకు దారి ఇచ్చేస్తుంది. టప్పుమని పగిలి పొగ కక్కుతుంది.”

నేను గొంతు సవరించుకున్నాను. “యంత్రానికి మరీ ఎక్కువ పని చెబితే...”

“పనికీ దీనికీ సంబంధమేమిటండీ? స్విచ్చి వేసి వదిలేసి మీరు నిద్రపోయినా పగులుతుంది. అది టైము వచ్చి పోవడం.”

పాఠకులారా, ముప్ఫైయేళ్ళు మోసిన మూట అంత తేలిగ్గా దింపిస్తారని నేననుకోలేదు. ఆ యంత్రం ఒక సెకనుకు ఇరవైలక్షల తాళాలు వేస్తూ పనిచేస్తుంది. నా పేరు వేస్తున్నా, నా ఆజ్ఞకోసం ఖాళీగా కాచుకున్నా ఆ తాళం ఆగేది కాదు. అంతులేని పని దానికి భారమే కాదు!

ఆ రెండు కండెన్సర్లకూ బదులు ప్లాస్టిక్కు పొరతో చేసిన కొత్తవి వేశాం. రెంటికీ కలిపి అయిన ఖర్చు కాఫీ ఖర్చుకంటే తక్కువ. అప్పుడు బాబాయిగారు డబ్బాకు కరెంటు తిన్నగా ఇవ్వక, మధ్యలో వంద వాట్ల బల్బు ఒకటి వరసలో కలిపారు. లోపల ఎక్కడైనా షార్టయివుంటే బల్బు భగ్గున వెలిగి నిలుస్తుంది, డబ్బా బతుకుతుంది. అటు చివర యంత్రానికి బదులు మోటారుసైకిలు బల్బు తగిలించారు. ఇలాంటి డబ్బాలను ఏ భారమూ లేకుండా పరీక్షించరాదట. వంద వాట్ల బల్బు ఒక్కసారి మెరిసి మసకబారింది. మోటారుసైకిలు బల్బు చిన్నగా వెలిగింది. మీటరు అయిదు వోల్టులు చూపింది.

“చూశారా? ఆ రోజునే ఎవరైనా ఈ ముక్క మార్చివుంటే మర్నాటికి పాఠం జరిగేది,” అన్నారు బాబాయిగారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో తరవాత చెబుతాను.

యంత్రానికి డబ్బా కలిపి స్విచ్చి వేశాం. మంచి స్థితిలో వున్న బీబీసీ మైక్రో లేవగానే ‘బూ’ అని లావుగా మొదలుపెట్టి, వెంటనే ‘బీప్’ అని సన్నగా ముగిస్తుంది. నా చెవిలో ఇంకా వుంది ఆ పలకరింపు. ఇది ‘బూ...’ అంటూనే వుంది. ఆపదు. సంగతేమిటంటే, కరెంటు తగలగానే శబ్దాల చిప్పు తనంతట తాను కూతపెడుతుంది. మెదడు మేలుకుని ‘చాల్లే’ అనాలి. ఇక్కడ కూసేవాడున్నాడు గాని, చాలుననేవాడు లేడు. అంటే మెదడు పని మొదలుపెట్టనేలేదు.

మెదడు చిప్పు పోయిందనుకుని నేను నీరుగారిపోయాను. బాబాయిగారు, “మనిషి మాట్లాడకపోతే చచ్చాడనేనా? ఆకలై వుండవచ్చు,” అన్నారు. బోర్డుమీద అయిదు వోల్టులూ వున్నాయా? వున్నాయి. మెదడు నలభయ్యో కాలికి ‘లే’ అన్న సంకేతం అందుతోందా? అందుతోంది. అప్పుడు అనుమానం, అది లేవగానే చదువుకోవలసిన పాఠం మీద పడింది. ఆ పాఠం వేరే చిప్పుల్లో శాశ్వతంగా వ్రాసివుంటుంది. అవి సాకెట్లలో గుచ్చివుంటాయి. ముప్ఫైయేళ్ళుగా ఎవరూ కదపని ఆ కాళ్ళకు సన్నని పొర పట్టి, చిప్పుకూ సాకెట్టుకూ మాటలు లేవు. ఒక్కొక్క చిప్పునూ ఏ కొస ఎటు వుందో కాగితంమీద బొమ్మ గీసుకుని, మెల్లగా పైకి తీసి, కాళ్ళు స్పిరిట్టుతో తుడిచి, మళ్ళీ గుచ్చాం. స్విచ్చి వేశాం.

‘బూ-బీప్!’

మా ఆవిడ వంటింట్లోనించి తొంగిచూసింది. నేను ఎగిరి గంతేసినట్టున్నాను.

కాని తెర చూస్తే అంతా పిచ్చి. ‘బీబీసీ కంప్యూటర్ 32కె’ అని ఇంగ్లీషులో రావలసినచోట, బీలకు బదులు సీలు. పీ వుండవలసినచోట క్యూ, టీకి బదులు యూ, ఆరుకు బదులు ఎస్. ముప్ఫైరెండు ముప్ఫైమూడయింది. ఖాళీగా వుండవలసినచోటల్లా ఆశ్చర్యార్థకం గుర్తులు, తెర నిండా బారులు తీరి.

బాబాయిగారు తల గోక్కున్నారు. “టీవీలో అయితే ఎక్కడుందో చెప్పేవాణ్ణి. ఇది అక్షరాల గొడవ. మీ శాఖే.”

నిజంగా మా శాఖే. తాళపత్ర ప్రతులు పరిష్కరించేవారికి ఒక సూత్రం వుంది. లేఖకుడి తప్పుల్ని కొట్టిపారెయ్యకూడదు, వాటిని వరసగా వ్రాసుకోవాలి. బ్రౌను దొర ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి పండితులచేత పోల్చి చూపించింది అందుకే. ఎక్కడపడితే అక్కడ పడ్డ తప్పులయితే ప్రతి చివికిపోయిందని అర్థం. ఒకే తప్పు ఒకే తీరుగా పడితే, ఒకే చేతి అలవాటు అది. ఆ చెయ్యి దొరికితే పాఠం దొరికినట్టే.

కాగితం తీసుకున్నాను. యంత్రంలో ప్రతి అక్షరానికీ ఒక అంకె వుంటుంది. బీకి 66, సీకి 67. 66 వచ్చినచోట 67 పడింది, 67 మాత్రం 67గానే వుంది. పీ 112, అది 113 అయింది. టీ 116, అది 117. ఖాళీకి 32, ఆశ్చర్యార్థకానికి 33. సరిసంఖ్యలన్నీ బేసి అయ్యాయి, బేసిసంఖ్యలు చెక్కుచెదరలేదు! ఆ అంకెల్ని యంత్రం సున్నలతోనూ ఒకట్లతోనూ ఎనిమిది గళ్ళలో వ్రాసుకుంటుంది. చిట్టచివరి గడిలో సున్న వుంటే సరిసంఖ్య, ఒకటి వుంటే బేసి. ఎవడో ఆ చివరి గడిలో ఎప్పుడూ ఒకటే వ్రాస్తున్నాడు.

ఈ యంత్రపు జ్ఞాపకం పదహారు చిప్పులు. ఎనిమిదేసి చొప్పున రెండు జట్లు. జట్టులో ఒక్కొక్క చిప్పూ ఒక్కొక్క గడి కాపాడుతుంది. తెరమీది అక్షరాలు రెండో జట్టులో వుంటాయి. అందులో చివరి గడివాడు దొంగ అన్నాను.

“తొందరపడకండి. వ్రాసినవాడు తప్పు వ్రాశాడా? చదివి తెరమీద చెప్పేవాడు తప్పు చదువుతున్నాడా?” అన్నారు బాబాయిగారు. పండితుడంటే ఆయన!

దానికీ పరీక్ష దొరికింది. ‘మోడ్ 0’ అని ఆజ్ఞ ఇస్తే తెర బొమ్మల పద్ధతికి మారుతుంది. అప్పుడు తెరలో పైభాగం, సుమారు అయిదోవంతు, మొదటి జట్టులో వుంటుంది. మిగతాది రెండో జట్టులో. చదివేవాడిది తప్పయితే తెరంతా పాడవాలి. ఆజ్ఞ ఇచ్చాం. పై అయిదోవంతు నిర్మలంగా నల్లగా వుంది. దాని కిందనించి, ఎనిమిది చుక్కలకొక్కటి చొప్పున, దువ్వెన పళ్ళలాగా తెల్లటి నిలువు గీతలు. దొంగ వ్రాసినవాడే.

ఆ చిప్పు బోర్డుకు అతికించివుంది. సర్వీసు పుస్తకంలోని పటం చూసి ఏది ఏ గడిదో తేల్చుకుని, కాళ్ళు కత్తిరించి, ఒక్కొక్క కాలూ విడిగా లాగి, అక్కడ సాకెట్టు పెట్టారు బాబాయిగారు. మొత్తం చిప్పును ఒకేసారి పీకితే బోర్డుమీది రాగిగీతలు లేచిపోతాయట. అదే రకం చిప్పు పాత సామాను అమ్మేవారి దగ్గరనించి రావడానికి మూడు వారాలు పట్టింది. వచ్చింది, గుచ్చాం, ముప్ఫైమూడు ముప్ఫైరెండయింది.

ఇక ఇందాక గుచ్చుకున్న మాట. ఈ యంత్రానికి దానంతట అది వచ్చిన జబ్బు ఒక్కటే, ఆ తేనెరంగు కండెన్సరు. ఒక పూట పని. సాకెట్లకు పొర పట్టింది గదికి తాళం వేసి ఎవరూ ముట్టనందువల్ల. చిప్పు చచ్చింది కూడా ఆ చీకట్లోనే, ఎవరికీ తెలియకుండా. మొదటి తప్పు విధిది, తక్కినవి మా భయానివి. పొగ చూసి భయపడినవాళ్ళలో ఒక్కడైనా మూత విప్పి చూసివుంటే, ఎనిమిదో తరగతులు ఎన్నో దానిమీద చదువుకునేవి.

ఆదివారం నాడు పెట్టెను ఆటోలో ఎక్కించుకుని మాస్టారి యింటికి వెళ్ళాను. ఎనభై మూడేళ్ళు. వాలుకుర్చీలో వున్నారు. పెట్టె చూసి అద్దాలు తుడుచుకున్నారు.

“మాస్టారూ, ఆ రోజు నేనొక తప్పు చేశాను,” అని రెండు పంక్తుల సంగతీ, కండెన్సరు సంగతీ అంతా చెప్పాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “తేమ పట్టి పోయిందంటావా? నిజమేనా?”

“నిజమే, మాస్టారూ. పగిలిన ముక్క తెచ్చాను, చూడండి.”

ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పితిప్పి చూశారు. “ఆ రోజు స్టెబిలైజరు పాడైందిరా. పాఠం ఎగ్గొట్టడం ఇష్టంలేక, యంత్రాన్ని తిన్నగా గోడ ప్లగ్గులో పెట్టాను. సంజాయిషీలో ఆ మాట వ్రాయలేకపోయాను. మళ్ళీ ఆ గది తాళం తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు.”

ఒకే పొగకు ఇద్దరం దోషులం. ఒకే వూళ్ళో వుండి ఒకరికొకరం ముప్ఫైయేళ్ళు చెప్పుకోలేదు.

ఆయన టీవీకి తగిలించి స్విచ్చి వేశాను. ‘బూ-బీప్’. మాస్టారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఒక్క వేలితో, మీటలు వెతుక్కుంటూ రెండు పంక్తులు కొట్టారు. నా పేరు తెర నిండా జలజలా రాలడం మొదలుపెట్టింది.

కాసేపు చూసి, ఆపుదామని చెయ్యి చాపాను.

“వుండనీరా,” అన్నారు మాస్టారు. “దానికేం కాదుగా!”